ఆ పాట ఎవరిది?

ఇళయరాజా పాటల జ్ఞాపకాల మీద నిలిచిన తమిళ ప్రేమకథ '96'. సినిమా ముగిసినా అది రేపిన ప్రశ్న మాత్రం ముగియలేదు. పాట మీద హక్కు స్వరకర్తదా, పాడిన గొంతుదా, ఏళ్ల తరబడి దాన్ని మనసులో దాచుకున్న శ్రోతదా?

చెన్నైలో ఒక ఫ్లాట్. రాత్రివేళ కరెంటు పోయింది. రామ్ వెలుతురు కోసం తడుముకుంటున్నాడు. చీకట్లోంచి జాను గొంతు వినిపిస్తుంది. 'యమునై ఆట్రిలే'. బడిలో చదువుకునే రోజుల నుంచి అతను అడుగుతూనే ఉన్న పాట. అడిగిన ప్రతిసారీ ఆమె మరో పాటేదో పాడింది తప్ప అది పాడలేదు. 22 ఏళ్ల తర్వాత, తెల్లవారితే సింగపూర్ విమానం ఎక్కాల్సిన రాత్రి, అతను అడక్కుండానే పాడింది. వీణ లేదు, వేణువు లేదు, తబలా లేదు. ఒక్క గొంతు మాత్రమే. రామ్ కంగారుగా పరుగెత్తుకొస్తాడు. పాట అయిపోయేలోగా ఆమె ముఖం చూడాలన్నది అతని ఆత్రం.

2018 అక్టోబరు 4న విడుదలైన '96' సినిమాలో ప్రేక్షకులు ఎక్కువగా చెప్పుకున్న సన్నివేశం ఇదే. ఇందులో కౌగిలింత లేదు, కన్నీళ్ల సంభాషణ లేదు. నాయిక ఒక పాత సినిమా పాట పాడింది, నాయకుడు విన్నాడు. అంతే. దక్షిణాది ప్రేమకథల్లో పాటలకు కొదవ ఎన్నడూ లేదు. కానీ ఒక పాటను పాడకపోవడమే కథగా, పాడటమే పతాక సన్నివేశంగా మలచిన సినిమాలు అరుదు. ఆ తర్వాత కొన్నేళ్లలో అదే సినిమా చుట్టూ పాట యాజమాన్యం గురించీ, గొంతు స్వేచ్ఛ గురించీ రేగిన వివాదాలు చూస్తే, దర్శకుడు తనకు తెలియకుండానే పెద్ద తేనెతుట్టెను కదిపాడనిపిస్తుంది.

ఛాయాగ్రాహకుడు సి. ప్రేమ్ కుమార్‌కు దర్శకుడిగా ఇదే తొలి చిత్రం. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. తంజావూరు బడిలో పదో తరగతి చదివే రామచంద్రన్, జానకీదేవి ఒకరినొకరు ఇష్టపడతారు. ఆ మాట పైకి అనుకోకముందే రామ్ కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోతుంది. 1996లో బడి ముగించిన ఆ జట్టు 22 ఏళ్ల తర్వాత చెన్నైలో కలుసుకుంటుంది. అతను దేశమంతా తిరిగే ఫోటోగ్రాఫర్, పెళ్లి చేసుకోలేదు. ఆమె సింగపూర్‌లో ఉంటున్న ఇల్లాలు, ఒక బిడ్డకు తల్లి. ఇద్దరికీ దక్కేది ఒక్క రాత్రి. విజయ్ సేతుపతి, త్రిష ఆ రాత్రంతా నడుస్తూ, మాట్లాడుకుంటూ గడుపుతారు. తెల్లారాక ఎవరి దారి వారిది.

గతాన్ని తవ్వుకునే ప్రేమకథలు తమిళ తెరకు కొత్త కాదు. 2002లో తంగర్ బచ్చన్ 'అళగి', 2004లో చేరన్ 'ఆటోగ్రాఫ్' ఇదే బాటలో వచ్చాయి. రెండోదాన్ని అదే ఏడాది రవితేజతో 'నా ఆటోగ్రాఫ్'గా తెలుగువారూ చూశారు. ఆ సినిమాల్లో గతం దృశ్యాలుగా తిరిగొస్తుంది. '96'లో ముఖ్యంగా పాటలుగా తిరిగొస్తుంది. తేడా అక్కడుంది.

గొంతు చాలు

నాయిక పేరులోనే ఆధారం ఉంది. ఆమె ఎస్. జానకీదేవి. గాయని ఎస్. జానకి మీద అభిమానంతో పెట్టిన పేరు. గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో 1938లో పుట్టిన జానకి తమిళుల ఇళ్లలో సొంత మనిషైపోయారు. 1976లో ఇళయరాజా తొలి చిత్రం 'అన్నక్కిళి' పాటలను ఊరూరికీ మోసుకెళ్లిన గొంతుల్లో ముఖ్యమైనది ఆమెదే. రామ్, జాను కలిసి జానకి ఇంటికి వెళ్లే సన్నివేశం కూడా తీశారు. అందులో జానకి స్వయంగా కనిపించారు. నిడివి కారణంగా సినిమా నుంచి తొలగించిన ఆ దృశ్యాన్ని తర్వాత విడిగా విడుదల చేశారు.

జాను పాడేవి దాదాపుగా ఇళయరాజా పాటలే. రామ్ అడిగేది మాత్రం ఒక్కటే. 1991 దీపావళికి వచ్చిన మణిరత్నం 'దళపతి'లో శోభన పాత్ర పాడే 'యమునై ఆట్రిలే'. రచన వాలి. పాడినది మితాలీ బెనర్జీ భౌమిక్. నిమిషంన్నరకు మించని ఆ చిన్న పాట రాధ ఎదురుచూపు గురించినది. 'దళపతి' కథలోనూ ఆ జంట ఒక్కటి కాదు. నాయిక మరొకరిని పెళ్లి చేసుకుంటుంది. కాబట్టి రామ్ ఆ పాట అడగడంలో, జాను దాన్ని దాటవేయడంలో ఒక అర్థం ఉంది. పాడితే మనసు బయటపడుతుంది. ఆ అమ్మాయికి అది తెలుసు.

1994 నాటి పిల్లలకు ఇళయరాజాయే ఎందుకు? అప్పటికే 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్ వచ్చేశారు. స్టూడియో ధ్వని మారిపోయింది. కానీ తంజావూరు లాంటి ఊళ్లో పాట అంటే రేడియో, ఇంట్లో టేప్ రికార్డర్, బజార్లో అరవై నిమిషాల క్యాసెట్ నింపి ఇచ్చే రికార్డింగ్ షాపు. అక్కయ్యలు, అన్నయ్యలు వినగా మిగిలిన పాటలే తమ్ముళ్లకూ అందేవి. మరో కారణం పూర్తిగా సంగీతానికి సంబంధించినది. ఇళయరాజా వరుసల నుంచి వాద్యాలన్నీ తీసేసినా పాట నిలబడుతుంది. తరగతి గదిలో బల్ల దగ్గర నిలబడి ఒక అమ్మాయి పాడినా అది పూర్తి పాటలాగే వినిపిస్తుంది. దర్శకుడు ఈ బలాన్ని గుర్తించాడు. పాత రికార్డును వెనక మోగించి జ్ఞాపకాన్ని కొనుక్కునే సులువైన పని చేయలేదు. పాటను మనిషి గొంతుకు అప్పగించాడు.

వయొలిన్ వంతు

పాత పాటలకు ఇంత పెద్ద పీట వేశాక కొత్త సంగీత దర్శకుడికి మిగిలేదేమిటి? కేరళకు చెందిన గోవింద్ వసంత ఎదుర్కొన్న చిక్కు ఇదే. ఆయన వయొలిన్ విద్వాంసుడు. 'తైక్కుడం బ్రిడ్జ్' బ్యాండ్ సభ్యుడిగా యువతకు పరిచయం. ఆ బ్యాండుకు పేరు తెచ్చిన అంశాల్లో పాత సినిమా పాటల్ని గుదిగుచ్చి పాడిన 'నోస్టాల్జియా' ఒకటి కావడం విశేషం. పాత పాటతో ఎలా మసలుకోవాలో ఆయనకు ముందే తెలుసు.

'96' కోసం ఆయన ఎంచుకున్న మార్గం పోటీకి దిగకపోవడం. ఇళయరాజాను అనుకరించి 1990ల నాటి బాణీలు కట్టలేదు. గతం పాత పాటలకు వదిలేసి, వర్తమానాన్ని తాను తీసుకున్నారు. 'ది లైఫ్ ఆఫ్ రామ్' పాటలో ప్రదీప్ కుమార్ గొంతు వెంట రామ్ కొండలు, ఎడారులు, సముద్ర తీరాలు ఒంటరిగా తిరుగుతాడు. కార్తీక్ నేతా రాసిన ఆ పాటలో ఒంటరితనం మీద ఫిర్యాదు లేదు. దానితో రాజీపడిన మనిషి నెమ్మది ఉంది. చిన్మయి, గోవింద్ పాడిన 'కాదలే కాదలే' నిడివి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. అందులోని వయొలిన్ తునక ఫోన్ల రింగ్‌టోన్‌గా రాష్ట్రాల సరిహద్దులు దాటింది. 'అంతాది' అన్న పాటకు పేరే వ్యాఖ్యానం. ఒక పద్యం ఏ మాటతో ముగుస్తుందో తర్వాతి పద్యం ఆ మాటతోనే మొదలయ్యే తమిళ కవితా రూపాన్ని అంతాది అంటారు. మన ముక్తపదగ్రస్తం లాంటిది. ముగింపులోనే మొదలును దాచుకున్న కథకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

ఈ పాటల్లో ఒక్కదానికీ నృత్యం లేదు. నేపథ్య సంగీతం కూడా మాటల మధ్య ఖాళీల్లో వచ్చి, మాట మొదలవగానే తప్పుకుంటుంది. 2019 డిసెంబరులో జరిగిన దక్షిణాది ఫిల్మ్‌ఫేర్ వేడుకలో తమిళ విభాగంలో ఉత్తమ నటిగా త్రిష, సంగీత దర్శకుడిగా గోవింద్ వసంత, గాయనిగా చిన్మయి బహుమతులు అందుకున్నారు.

రాజా ఆగ్రహం

ఆ వేడుకకు కొన్ని నెలల ముందే, 2019 మేలో, ఇళయరాజా ఒక ఇంటర్వ్యూలో ఈ ధోరణిని కటువుగా తప్పుబట్టారు. ఒక కాలాన్ని చూపడానికి నాటి పాటను తెచ్చి వాడుకోవడం తప్పని ఆయన వాదన. ఆ కాలానికి తగిన పాటను సొంతంగా కట్టుకోవాలి, అది చేతకాకనే తన పాటల్ని ఆశ్రయిస్తున్నారన్నారు. ఆయన వాడిన మాటలు చాలామంది సంగీతాభిమానులను నొప్పించాయి. గోవింద్ వసంత మాత్రం ఎదురు మాట అనలేదు. ఇళయరాజా బాణీ ఒకదాన్ని వాయిస్తూ వీడియో పెట్టి, తాను ఎప్పటికీ ఆయన అభిమానినేనని చెప్పుకున్నారు.

ఆ ఆగ్రహాన్ని పెద్దాయన కోపంగా కొట్టిపారేయడం తేలిక. దాని వెనక చరిత్ర ఉంది. సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. పాటకు ప్రాణం పోసే గాయకులకు చట్టంలో రక్షణే లేదన్న సంగతిని అదే తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఎత్తిచూపారు. గాయకులు సహా కళాకారులకు ప్రత్యేక హక్కులు 1994 సవరణతో వచ్చాయి. రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటా 2012 సవరణతో దక్కింది. అంటే ఇళయరాజా అత్యధిక పాటలు కట్టిన కాలంలో ఆ రక్షణ లేదు. క్యాసెట్లు లక్షల్లో అమ్ముడైన రోజుల్లో స్వరకర్తకు దక్కింది ప్రధానంగా పారితోషికమే.

ఈ నేపథ్యంలోనే ఆయన న్యాయపోరాటాలు వరుస కట్టాయి. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంకు నోటీసు వెళ్లింది. అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడకూడదన్నది సారాంశం. బాలు ఆ సంగతి అభిమానులకు తెలిపి ఇక ఇళయరాజా పాటలు పాడనని ప్రకటించారు. నాలుగు దశాబ్దాల స్నేహంలో అదో ముల్లు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కాక గాని అభిమానుల మనసు కుదుటపడలేదు. అదే ఏడాది జూన్‌లో మద్రాసు హైకోర్టు సౌండ్ రికార్డింగుల మీద కంపెనీల హక్కును సమర్థిస్తూనే, స్వరరచన మీద ఇళయరాజాకు ఉన్న ప్రత్యేక నైతిక హక్కును గుర్తించింది. వ్యవహారం అప్పీలుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో విచారణ సందర్భంగా ధర్మాసనం ఒక మౌలికమైన ప్రశ్న వేసింది. సాహిత్యం లేనిదే పాట లేదు కదా, రేపు రచయిత కూడా ఇదే హక్కు అడిగితే ఏమిటని. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' నిర్మాతలకు, 2025లో 'గుడ్ బ్యాడ్ అగ్లీ' నిర్మాతలకు కూడా ఆయన నుంచి నోటీసులు వెళ్లాయి.

అవతలి వైపు నిలబడితే ఈ బాధ ఎలా ఉంటుందో గోవింద్ వసంత బృందానికీ అనుభవంలోకి వచ్చింది. 2022లో 'కాంతార'లోని 'వరాహ రూపం' తమ 'నవరసం'కు నకలని తైక్కుడం బ్రిడ్జ్ ఆరోపించింది. చిత్ర బృందం దాన్ని తోసిపుచ్చింది. కోళికోడ్ కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఓటీటీలో కొన్నాళ్లు ఆ పాట వేరే బాణీతో వినిపించింది. తర్వాత అసలు పాట తిరిగొచ్చింది. అభిమానంతో తీసుకోవడానికీ అడగకుండా తీసుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందన్నది అంత తేలికైన లెక్క కాదు.

జాను గొంతు

జానుగా త్రిష కనిపిస్తుంది, వినిపించేది మాత్రం చిన్మయి శ్రీపాద. పాటలే కాదు, మాటలూ ఆమెవే. 2010లో 'విన్నైత్తాండి వరువాయా'లోనూ త్రిషకు గొంతిచ్చింది ఆమే. అదే ఏడాది తెలుగు రూపం 'ఏ మాయ చేసావె'లో సమంతకూ ఆమే చెప్పారు. ఒకే మనిషి మాట్లాడి, పాడటం వల్లే '96'లో సంభాషణ నుంచి పాటలోకి జారడం అతుకు కనిపించకుండా సాగింది.

సినిమా విడుదలైన వారం తిరక్కముందే, 2018 అక్టోబరులో, గీత రచయిత వైరముత్తు మీద చిన్మయి లైంగిక వేధింపు ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించారు. నవంబరులో తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం చిన్మయిని సభ్యత్వం నుంచి తొలగించింది. చందా కట్టలేదన్నది సంఘం చెప్పిన కారణం. తాను జీవితకాల సభ్యురాలినని ఆమె వాదన. సంఘం కార్డు లేకపోతే తమిళంలో డబ్బింగ్ పని దొరకదు. థియేటర్లలో జనం జాను గొంతు విని కళ్లు తుడుచుకుంటున్న రోజుల్లోనే ఆ గొంతుకు తలుపు మూసుకుంది.

ఆ తలుపు కొద్దిగానైనా తెరుచుకోవడానికి ఐదేళ్లు పట్టింది. 2023లో 'లియో'లో త్రిషకు మళ్లీ చిన్మయే గొంతిచ్చారు. 2025 మేలో చెన్నైలో 'థగ్ లైఫ్' పాటల వేడుకలో, సినిమాలో మరో గాయని పాడిన తమిళ పాటను ఆమె వేదిక మీద పాడితే, ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఇంతకాలం ఈ గొంతును ఎందుకు దూరం పెట్టారన్న ప్రశ్న దానివెంటే తిరిగింది. స్వరకర్త తన హక్కు కోసం కోర్టుకెక్కడానికి చట్టం ఉంది. పని దొరక్కుండా పోయిన గొంతుకు జరిగిన నష్టాన్ని లెక్కగట్టే చట్టమేదీ లేదు.

విశాఖకు వచ్చిన యమున

తెలుగులో 2020 ఫిబ్రవరి 7న 'జాను'గా ఈ కథ వచ్చింది. దిల్ రాజు నిర్మాత, ప్రేమ్ కుమారే దర్శకుడు, గోవింద్ వసంతే సంగీతం. శర్వానంద్, సమంత జంట. సిరివెన్నెల సీతారామశాస్త్రి 'లైఫ్ ఆఫ్ రామ్'కు తెలుగు మాటలు రాశారు. మాతృకలోని ఏకాంతానికి ఆయన తాత్విక ఛాయ జోడించిన ఆ పాట ఇప్పటికీ తెలుగు కుర్రకారు ప్రయాణాల వీడియోల్లో మోగుతూనే ఉంది. 2021లో ఆయన కన్నుమూశాక, చివరి ఏళ్ల రచనల్లో దీన్ని ప్రత్యేకంగా తలచుకున్నవారు చాలామంది.

సినిమాకు మాత్రం తమిళంలో వచ్చినంత ఆదరణ రాలేదు. ఒక కారణం నటీనటుల పోలికలైతే, మరోటి పాటల లెక్క. తెలుగులో బడి తంజావూరు నుంచి విశాఖపట్నానికి మారింది. కాలం కూడా 2000ల తొలి ఏళ్లకు జరిగింది. కానీ ఆమె పాడాల్సిన పాట అదే, తెలుగు 'దళపతి'లోని 'యమునా తటిలో'. 1994లో తంజావూరు పిల్లకు అది మూడేళ్ల కిందటి పాట. పదేళ్ల తర్వాత విశాఖ పిల్లకు అది ముందు తరం పాట. మణిశర్మ, దేవిశ్రీ ప్రసాద్ పాటలతో పెరిగిన తరగతి గదిలో అది ఒక అమ్మాయి ప్రత్యేక అభిరుచి అవుతుంది గానీ అందరి ఉమ్మడి జ్ఞాపకం కాదు. 2019లో కన్నడంలో '99'గా తీసినప్పుడు అర్జున్ జన్యతో పూర్తిగా కొత్త సంగీతం చేయించుకున్నారు. కథను అనువదించొచ్చు. ఒక తరం వినికిడిని అనువదించడం కష్టం.

ప్రేమ్ కుమార్, గోవింద్ వసంత ద్వయం 2024లో 'మెయ్యళగన్'తో, తెలుగులో 'సత్యం సుందరం'తో, మళ్లీ తంజావూరు దారి పట్టింది. అక్కడా జ్ఞాపకాలే ముడిసరుకు.

కాగితం లేని హక్కు

2018 దీపావళికి, విడుదలై నెల రోజులే అయిన '96'ను సన్ టీవీ ప్రసారం చేసింది. థియేటర్లలో ఇంకా నడుస్తోంది, కాస్త ఆగండని త్రిష బహిరంగంగా కోరినా ఫలితం లేకపోయింది. ప్రసార హక్కులు కొన్నవారి ఇష్టం. ఈ సినిమా ప్రయాణంలో అడుగడుగునా ఎదురైంది ఈ యాజమాన్యపు మాటే. రికార్డు కంపెనీకి కాగితం ఉంది. నిర్మాతకు కాగితం ఉంది. స్వరకర్తకు, రచయితకు, గాయకులకు ఆలస్యంగానైనా కాగితం వచ్చింది. స్వరకర్తకు రావాల్సింది రావాలన్న దాంట్లో రెండో మాట లేదు. ఇళయరాజా కోపం ఎంత కటువుగా ఉన్నా, ఆయన తరం నష్టపోయిందన్నది నిజం.

అయితే ఆ కాగితాల్లో దేనికీ అందనిది ఒకటుంది. రామ్ దగ్గర 'దళపతి' రికార్డు హక్కులు లేవు. అతను ఆ పాటను కట్టలేదు, రాయలేదు, పాడలేదు. ఇరవై రెండేళ్లు దాని కోసం ఎదురుచూశాడు, అంతే. పాటలు అమ్ముడయ్యేది, మళ్లీ మళ్లీ అమ్ముడయ్యేది అలాంటివాళ్ల వల్లే. సినీ సంగీత వ్యాపారం మొత్తం ఆ ఎదురుచూపు మీద నడుస్తోంది. కోర్టులు రేపు ఎవరి పక్షాన తీర్పు చెప్పినా, నోటీసులు పంపేవారూ అందుకునేవారూ ఈ లెక్కను మరిచిపోతే నష్టం పాటకే. పాడే గొంతుకు అడ్డుపడినా, వినే చెవికి దూరం చేసినా, పాట బీరువాలోని దస్తావేజుగా మిగిలిపోతుంది.